ఇంజను పీటకు కిలోలెక్క తగునా?

మన సంఘపు కొట్టులో మూడు వస్తువులు కొన్నేండ్లుగా దుమ్ము పట్టి యున్నవి. కాలువగట్టున నీరు తోడిన 10 హార్సుపవరు ఒంటి సిలిండరు డీజిలు ఇంజను ఒకటి. పాత మహీంద్రా జీపునుండి విప్పిన గేరుపెట్టె యొకటి. ఆ జీపుదే వెనుక ఇరుసు ఒకటి. కరెంటు మోటారు వచ్చిన పిదప ఇంజనునకు పని లేదు. జీపు చట్రము త్రుప్పు తిని పోయినది గాని పండ్ల చక్రములు చెడలేదు. వీనిని కూర్చి యొక పొలపుబండిని చేయించినచో, కోతల నాళ్లలో ట్రాక్టరు కొఱకు ఒకరి మొగమొకరు చూచుకొను బాధ తప్పునని పలువురు సభ్యులు కోరుచున్నారు. కోరిక మంచిదే. నేనును దానికి సమ్మతించినవాడనే.

చిక్కు వచ్చినది పీటల యొద్ద. ఇంజనునకు, గేరుపెట్టెకు, ఇరుసునకు చట్రముమీద కూర్చుండుటకు వలయు ఇనుప పీటలను చేయుటకు ముగ్గురు వెల్డరులు బేరము చెప్పిరి. ఇద్దరు ఇనుము, కూలి కలిపి కిలో యింతకని చెప్పిరి. మూడవ యతడు కిలోలెక్క చెప్పక, కొలతలకు రెండు దినములు, అచ్చుపలకకు రెండు దినములు, అతుకులకు రెండు దినములు అని దినకూలి లెక్క చెప్పెను. మొత్తము కూడగా నతనిది ఎక్కువ. "ఇనుప ముక్కలకు ఇంత దండుగా?" యని గత మాసపు సమావేశమున నలుగురును నవ్విరి. నేను తీర్మానమును ఒక మాసము వాయిదా వేయుడని వేడితిని. కొందఱు విసుగుకొనిరి. కార్యదర్శిగారు నా మాటలను ఈ పత్రికలో వ్రాయుమనగా వ్రాయుచున్నాను.

నా అభిప్రాయ మొక్కటే. పీట యనునది ఇనుము గాదు, కొలత. దానిని కిలోలెక్కకు చేయించుట, కంసాలికి బంగారపు తూకమునుబట్టి పనితన మంచనా కట్టుట వంటిది. తూకమెక్కువైనకొలది కూలి యెక్కువగునని తెలిసినపుడు ఏ పనివాడైనను అవసరములేని చోట లావు ఇనుము వేసి, అవసరమైన చోట కొలతకు పట్టు కాలమును తగ్గించును. అది అతని దోషము గాదు. మన బేరము దోషము.

ఈ మాట నేను పుస్తకము చూచి చెప్పుటలేదు. చెప్పుటకు సిగ్గుగా నున్నను, నా వలననే జరిగిన యొక సంగతిని మీయెదుట పెట్టుచున్నాను. కొన్ని యేండ్ల క్రిందట నేను వేఱొక ప్రాంతమున పనిచేయుచుండగా, అచ్చటి రైతులు కొందఱు కూడి యిటువంటి బండినే చేయించిరి. నన్ను సలహా యడిగిరి. ఇంజను క్రింద రబ్బరు ఉండవలెనని నేను చదివి యుంటిని గనుక, ఆ మాట చెప్పితిని. వారు పాత లారీ టైరు కోసి నాలుగు ముక్కలు ఇంజను క్రింద పెట్టిరి. గేరుపెట్టెను మాత్రము చట్రమునకు అడ్డముగా వేసిన యాంగిలరుమీద బోల్టులతో కదలకుండ బిగించిరి. ఇంజనునకు గేరుపెట్టెకు నడుమ మూడు బెల్టులు. చూచితిని, బాగున్నదంటిని.

మొదటి వారము బాగుగనే నడచినది. పిదప బరువు లాగునపుడు బెల్టులు ఇంజనును తమవైపునకు లాగ, రబ్బరు ముక్కలు లొంగ, బెల్టులు వదులై జాఱసాగినవి. కుఱ్ఱవాడు బిగించెను. మఱల వదులయ్యెను. మఱల బిగించెను. ఇంజను ఒక ప్రక్కకు ఒరిగినది. పుల్లీలు ఒకదానికొకటి ఎదురుగా నుండక మెల్లకన్నువలె చూడసాగినవి. ఈ లాగుడంతయు గేరుపెట్టె ముందటి యాంగిలరుమీద పడినది. ఆ యాంగిలరును చట్రపు ఛానలు అడుగు రెక్కకు అడ్డముగా వెల్డింగు చేసి యుండిరి. అతుకు అంచున వెంట్రుకంత బీట బయలుదేఱినది. నూనె, దుమ్ము పట్టి యుండుటచే నెవరికి కనబడలేదు.

ఒక సాయంకాలము ఇరువది బస్తాలతో కాలువగట్టు ఎక్కుచుండగా ఆ యాంగిలరు తెగినది. గేరుపెట్టె ముందునకు వ్రాలినది. వెనుకనున్న షాఫ్టు జాఱుజాయింటునుండి ఊడి నేలబడినది. బండి వెనుకకు దొరలసాగినది. కుఱ్ఱవాడు చేతిబ్రేకు లాగినాడు. పట్టలేదు. పాత జీపులలో చేతిబ్రేకు చక్రములయొద్ద ఉండదు. గేరుపెట్టె వెనుక, షాఫ్టు మొదట ఉండును. షాఫ్టు ఊడిన పిదప ఆ బ్రేకు దేనిని పట్టును? గాలిని పట్టును. కాలిబ్రేకు వెనుక చక్రములకు మాత్రమే కలిపి యుండిరి, అదియు అంతంతమాత్రము. కుఱ్ఱవాడు దుమికెను. బస్తాలు దొరలి కాలిమీద పడినవి. మోకాలి క్రింది ఎముక రెండు చోటుల విఱిగినది. ఇప్పటికిని కుంటుచున్నాడు. ఆ యేడు అతని ఇంట నాట్లు కూలివారే వేసిరి. ఆ కూలి సొమ్ములో సగము నేనిచ్చితిని. తల్లి పుచ్చుకొనుటకు మొదట నొప్పుకొనలేదు.

ఆ బండి పీటలు కిలోలెక్కకు చేసినవే. ఇనుము తక్కువ కాలేదు. నిజము చెప్పవలెనన్న అవసరమునకు మించియే ఉన్నది.

ఇక పీటమీద ఏమేమి బరువులు పడునో చూతము. ఇంజను బరువు, గేరుపెట్టె బరువు కన్నులకు కనబడును గనుక వాటినే లెక్కించుదుము. కనబడని బలము త్రిప్పుడు బలము. ఇంజను షాఫ్టును ఒక వైపునకు త్రిప్పునపుడు, షాఫ్టు ఇంజనును రెండవ వైపునకు త్రిప్పజూచును. తిరుగలిని త్రిప్పునపుడు క్రింది దిమ్మ నేలమీద జరుగ జూచుటను మన యాడువారందఱు నెఱుగుదురు. మన ఇంజను 10 హార్సుపవరు, నిమిషమునకు 1500 చుట్లు. దాని త్రిప్పుడు బలము సుమారు 5 కిలోల-మీటరులు. అనగా మీటరు పొడవు గడ కొనను 5 కిలోలు వ్రేలాడదీసినంత. ఇంతేనా యందురేమో. 15 సెంటీమీటరుల పుల్లీమీద బెల్టు పట్టునపుడు ఆ బలమే సుమారు 65 కిలోల లాగుడగును. బెల్టు జాఱకుండుటకు ముందుగనే బిగించిన బిగువు దీనికి అదనము. ఆ లాగుడు పగలంతయు ఇంజనును గేరుపెట్టెవైపునకే ఈడ్చుచుండును.

గేరుపెట్టె సంగతి ఇంతకంటె విచిత్రము. మొదటి గేరులో బలము 3 రెట్లకు కొంచెము తక్కువగా పెరుగును. ప్రక్కనున్న చిన్న గేరుకఱ్ఱను లో లో వేసిన మఱి 2½ రెట్లు. కలిపిన సుమారు 7 రెట్లు. లోపలికి 5 పోయినది వెలుపలికి 34, 35 గా వచ్చును. ఈ రెంటి భేదమును ఎవరు మోయవలెను? గేరుపెట్టె పీట మోయవలెను. దాని కాళ్లు అర మీటరు ఎడముగా నున్నచో, ఒక కాలిని 60 కిలోల బలము పైకెత్తుచుండును, రెండవ దానిని అంతే బలము క్రిందికి త్రొక్కుచుండును. ఇది మెల్లగా లాగునపుడు. బురదలో చక్రము దిగినపుడు క్లచ్చిని ఒక్కసారి వదలినచో ఎన్ని రెట్లగునో చెప్పజాలను. చాల రెట్లని మాత్రము విఱిగిన పీటలు చెప్పుచున్నవి. ఇరుసులో పండ్ల చక్రము దీనిని మరల 5 రెట్లు చేయును. అందుచే ఇరుసు తన పీటపై వెనుకకు తిరుగజూచును. కావున ఇంజను పెద్దది గనుక దాని పీట పెద్దదిగా నుండవలెను, గేరుపెట్టె చిన్నది గనుక దానికొక యాంగిలరు చాలునను మన యూహ తలక్రిందైనది.

మఱియొక సంగతి. జీపులో గేరుపెట్టె ఎన్నడును ఒంటరిగా నిలువలేదు. ముందటి కొసను అది ఇంజనునకు బోల్టులతో బిగింపబడి, రెండును ఒకే దేహమై, రబ్బరు బుష్షులమీద కూర్చుండును. గేరుపెట్టె స్వంత కాలు వెనుకవైపుననే కలదు. ఇంజనునుండి విప్పుటతో దానికి ముందు కాళ్లు పోయినవి. మనము చేయవలసినది ఆ ముందు కాళ్లను. క్లచ్చి గంట చుట్టునున్న బోల్టు బెజ్జములు దానికే ఉన్నవి. లావు పలకను ఆ బెజ్జములకు సరిపోవునట్లు కోసి బిగించి, ఆ పలకను పీటకు దింపవలెను. పెట్టె పోతయినుముతో చేసినది గనుక దానికి నేరుగా వెల్డింగు చేయరాదు. మామూలు కడ్డీతో అంటించినది చల్లారులోపలనే చిట్లును. ఒకడు నాయెదుటనే చేసి చూపెను. టప్పుమని శబ్దము వచ్చిన పిదప ఇద్దరమును మాటలాడలేదు.

ట్రాక్టరుల మాట వేఱు. 1917 లో బయలుదేఱిన ఫోర్డుసను ట్రాక్టరునుండి ఇంజను, గేరుపెట్టె, ఇరుసుపెట్టె ఈ మూడింటిని ఒకదానికొకటి బిగించి, వానినే వెన్నెముకగా చేయు పద్ధతి వ్యాపించినది. వేఱుగా చట్రము లేదు, పీటలును లేవు. "ట్రాక్టరులో ఏ రబ్బరున్నది?" యని నన్నడుగు సభ్యులకు ఇదియే సమాధానము. అచ్చట మూడును కలిసి ఒకే ముద్ద; ఒకటి కదలిన అన్నియు కదలును. మన బండిలో మూడును విడివిడి. చట్రము గతుకులో మెలిపడినపుడు ఒక్కొక్కటి యొక్కొక దిక్కునకు పోజూచును.

కావున నేను కోరునది ఇది. ఇంజనును, గేరుపెట్టెను ఒకే చిన్న చట్రముమీద కదలకుండ బిగించవలెను. దానిని ఉపపీట యందము. బెల్టు లాగుడు ఆ ఉపపీటలోనే పుట్టి ఆ ఉపపీటలోనే అణగును, వెలుపలికి రాదు. పుల్లీలు ఎన్నడును ఒకదాని నొకటి విడువవు. ఇక ఆ ఉపపీటను బండి చట్రముమీద రబ్బరు బుష్షులతో కూర్చుండబెట్టవలెను. అదురునకు రబ్బరు కావలయును, వరుసకు గట్టితనము కావలయును. ఏది యెచ్చట నుండవలెనో తెలియకపోవుటయే నేను చేసిన తప్పు. కాడిని నొగకు త్రాటితో కట్టుదుము గాని మేకుతో బిగింపము; అట్లని కాడినే త్రాటితో చేయుదుమా?

రబ్బరును గూర్చి కొంచెము చెప్పవలెను. మన ఇంజను నాలుగు స్ట్రోకులది. రెండు చుట్లకు ఒక దెబ్బ. నిమిషమునకు 750 దెబ్బలు. దినమునకు 8 గంటలు నడచిన 3 లక్షల 60 వేలు. 20 దినముల కోతలలో 72 లక్షలు. గోటితో గీసినంత లోపమున్నను ఇన్ని దెబ్బలకు అది బీటగా పెరుగక మానదు. ఒక్క దెబ్బకు విఱుగని ఇనుము లక్షల చిన్నదెబ్బలకు విఱుగును. తీగను ఇటునటు వంచి త్రెంచుట చిన్నపిల్లలకును తెలిసినదే. రబ్బరు ఈ దెబ్బలను మ్రింగును. అయితే టైరుముక్క పనికిరాదు. దానిలోని నూలుపొరలు ఒక్కొక ముక్కలో ఒక్కొక విధముగా నుండును. ఒకటి లొంగును, ఒకటి లొంగదు. ఇనుపగొట్టముల నడుమ రబ్బరు పోసి అంటించిన బుష్షులు లారీల విడిభాగముల దుకాణములలో దొరకును. నాలుగును ఒకే రకమువి కొనవలెను. డీజిలు, ఇంజనునూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును గనుక పైన రేకు కప్పవలెను. ఇంజను ఆగునపుడు ఒక్కసారి వణకి గంతువేయుట అందఱు చూచినదే. ఆ గంతును ఆపుటకు బుష్షు పైనను క్రిందను వెడల్పైన వాషరులు ఉండవలెను. రబ్బరు తెగినను ఇంజను పీటను విడిచి పోకుండ అవి పట్టుకొనును.

బుష్షులను ఎచ్చట పెట్టవలెనన్నది 1931 లో అమెరికాలో ప్లిమత్ కారు చేసినవారు బాగుగా చూపిరి. అంతకు ముందు చిన్న ఇంజనుల కార్లు ప్రయాణికుల పండ్లు కదలునట్లు అదరెడివి. వారు ఇంజను పీటలను రెండింటిని, ఒకటి ముందు ఎత్తుగను ఒకటి వెనుక పల్లముగను, ఇంజను బరువునకు నడిబిందువగు చోటుగుండా పోవు గీతమీద పడునట్లు అమర్చిరి. ఇంజను ఆ గీతను పట్టుకొని ఊయలవలె అటునిటు కొంచెము ఊగును. ఆ యూపు చట్రమునకు అందదు. తేలు ఇంజను అను అర్థము వచ్చు పేరు దానికి పెట్టిరి. ఫ్రాన్సులో సిట్రోయెను వారు ఆ హక్కును కొని తమ కార్లలో పెట్టుకొనిరి. మనకు అంత సొగసు అక్కఱలేదు. అయినను ఉపపీటను త్రాళ్లతో వ్రేలాడదీసి బరువు నడిబిందువు కనుగొని, బుష్షులు దానికి ఇరువైపుల సమానముగా పడునట్లు చేయుట ఒక పూట పని. కిలోలెక్క కూలిలో ఈ పూటకు చోటు లేదు.

గేరుపెట్టెనుండి ఇరుసునకు పోవు షాఫ్టు రెండు కొసలను జాయింటులు కలవు, మెకానిక్కులు క్రాసులందురు. ఈ క్రాసు వంకరగా త్రిప్పునపుడు వేగము ఒక్కతీరుగా నుండదు. 20 డిగ్రీల వంకరలో మొదటి కొస నిమిషమునకు 1000 చుట్లు సమముగా తిరుగుచున్నను, రెండవ కొస ప్రతి చుట్టులోను రెండుసారులు 1064 వేగమునకు పెరిగి రెండుసారులు 940 కి తగ్గును. రెండవ క్రాసు మొదటిదాని తప్పును దిద్దవలెనన్న, గేరుపెట్టె వెనుక కొసయు, ఇరుసు మూతియు ఒకదానికొకటి సమానాంతరముగా నుండవలెను. రెండు క్రాసుల కవ్వములు ఒకే వరుసలో నుండవలెను. పీట ఒక ప్రక్క అంగుళము ఎత్తైనచో ఈ లెక్క చెడును. అప్పుడు ఆ గుంజుడు అంతయు పీటల అతుకులమీదనే తీరును. కాడి ఒక ప్రక్క వ్రాలిన ఎద్దు మెడమీద పుండు పడినట్లు. షాఫ్టు బొత్తిగా తిన్నగా నుండుటయు మంచిది గాదు. ఒకటి రెండు డిగ్రీల వంకర ఉన్నచో క్రాసులోని సూదిబేరింగులు దొరలుచుండి ఒకే చోట అరుగవు.

ఈ కొలతలకు గొప్ప పనిముట్లు అక్కఱలేదు. మూలమట్టము, రసమట్టము, తూకపుగుండు, దారము. నేను చదివిన మిషను బడిలో వారమునకు రెండు పూటలు వడ్రంగము నేర్పెడివారు. ఆ మేష్టరుగారు మేము ఱంపము పట్టుటకు ముందు బల్లమీద సుద్దతో గీతలు గీయించి, గీత తప్పినవానికి ఆ పూట ఱంపము నిచ్చెడివారు గాదు. నేను చాల పూటలు ఱంపము ముట్టక ఇంటికి పోయినవాడను. అప్పుడు కోపముండెడిది.

అతుకులమాట. వెల్డింగు చల్లారునపుడు ఇనుమును తనవైపునకు లాగును. మూలమట్టముతో సరిచూచి పెట్టిన పలక, ఒకే ప్రక్క ఏకధాటిగా అంటించిన పిదప చూడగా మొగము త్రిప్పుకొని యుండును. కావున ముందు చుక్కచుక్కగా నంటించి, కొలిచి, పిదప ఈ ప్రక్క కొంత ఆ ప్రక్క కొంత నింపవలెను. ఆ సమయమున పీట అచ్చుపలకకు బోల్టులతో బిగించి యుండవలెను. చట్రపు ఛానలు పై అడుగు రెక్కలను ముట్టరాదు. బరువు వంగినపుడు ఆ రెక్కలే ఎక్కువగా సాగును, ఎక్కువగా నలుగును. పీటను నడిమి నిలువు గోడకే బిగించవలెను. బెజ్జము వేసి బోల్టు పెట్టిన మఱియు మంచిది. పీట మూలలకు త్రికోణపు పలకలు వేయవలెను. యంత్రము పైన నుండగా వెల్డింగు చేయవలసి వచ్చినచో, ఎర్తు క్లాంపును అతుకు ప్రక్కనే పెట్టవలెను. దూరముగా ఎచ్చటనో తగిలించిన కరెంటు బేరింగులగుండా పోయి గుండ్లమీద మచ్చలు వేయును. బేరింగు మంచి కంపెనీది కాదని పిదప దుకాణదారుని నిందించుదుము.

బోల్టుల తలమీద అంకెలుండును. 8.8 అని యున్న బోల్టు చదరపు మిల్లీమీటరునకు 80 కిలోలకు తెగును. ఆ బలములో పదింట ఎనిమిది పాళ్లవఱకు సాగిపోక నిలుచును. 4.6 అని యున్నది దానిలో సగమునకే తెగును. రెంటికి చూపులో భేదము లేదు. బోల్టు పని అడ్డమునిలిచి కోతను ఓర్చుట గాదు. రెండు పలకలను కదలకుండ నొక్కి పట్టుట. కావున వదులైన 8.8 కంటె బిగువైన చిన్న బోల్టు మేలు. 12 మిల్లీమీటరుల 8.8 బోల్టునకు సుమారు 8 కిలోల-మీటరుల బిగువు కావలయును; రెండడుగుల పానా కొనను 13 కిలోల బలముతో నొక్కినంత. మొదటి దినపు పని కాగానే మఱల బిగించవలెను. మఱుమాసము మఱల.

ఇప్పుడు ఇనుము తూకము చూతము. ఉపపీటకు 75 మిల్లీమీటరుల ఛానలు రెండున్నర మీటరులు, సుమారు 17 కిలోలు. 50 మిల్లీమీటరుల వెడల్పు 6 మిల్లీమీటరుల మందము గల యాంగిలరు 3 మీటరులు, పదమూడున్నర కిలోలు. 10 మిల్లీమీటరుల పలక పావు చదరపు మీటరు, ఇరువది కిలోలకు కొంచెము తక్కువ. మొత్తము 50 కిలోలు. కిలోలెక్క వెల్డరుకు ఈ యేబది కిలోల కూలియే ముట్టును. ఆ కూలికి అతడు వారము దినములు మన యెదుట కొలతలు కొలుచుచు కూర్చుండునా? ఇంటిలో అన్నము తినవలెనా వలదా? ఒక పూటలో అతికించి పోవును. మనము వద్దన్నను పోవును.

దినకూలి వెల్డరుకు మనమిచ్చు అధికపు సొమ్ము ఎచ్చటికి పోవును? అచ్చుపలకకు పోవును. ఇంజను కాళ్ల బెజ్జములు, గేరుపెట్టె బెజ్జములు, పుల్లీల వరుస గుర్తించిన ఇనుప అచ్చు అది. బండితోపాటు అరిగిపోదు, మన కొట్టులో నుండును. ఇటువంటి ఇంజనులు సభ్యులయొద్ద ఇంకను పెక్కు కలవు. రెండవవాడు పీట చేయించుకొనునపుడు అచ్చును అద్దెకు తీసికొని ఒకటి రెండు దినములలో పని ముగించుకొనును. మనము కలిసి విత్తనములు కొనుటకును, కలిసి అప్పు తెచ్చుటకును సంఘము కట్టుకొంటిమి. కలిసి ఒక కొలతను దాచుకొనుటకు వెనుదీయుట యేల? పెద్ద రైతు తన పీటను తానే పట్టణమున చేయించుకొనగలడు. అచ్చు అక్కఱగలవాడు చిన్నరైతే.

ఒక అభ్యంతరము న్యాయమైనది. బండి రోడ్డెక్కిన యెడల ఏమి గతి యని యొక సభ్యుడడిగెను. ఉత్తరదేశమున జుగాడ్ అను పేర పంపుసెట్టు ఇంజనులతో చేసిన బండ్లు మోటారు వాహనములే యనియు, వానికిని చట్టము వర్తించుననియు 2013 లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను, భీమా లేనిది రోడ్డుమీదికి పోరాదు; మనము చేసిన బండికి అవి దొరకుట దుర్లభము. కావున మన బండి పొలము, కళ్లము దాటరాదు, మనుష్యులను ఎక్కించుకొనరాదు. ఈ షరతు తీర్మానములోనే వ్రాయవలెను. వ్రాయుటకు ఇష్టపడనిచో బండి మాటయే మానుకొందము. నేను మొదట చేయి ఎత్తెదను.

ఇంకొక చిన్న షరతు కూడ నాకు కలదు. చేతిబ్రేకు గేరుపెట్టె వెనుక నుండు పాతదానితో సరిపెట్టక, వెనుక చక్రములకే వేఱొకటి కలుపవలెను. షాఫ్టు ఊడినను నేలబడి గ్రుచ్చుకొనకుండ దాని క్రింద ఇనుపపట్టీ ఒకటి కట్టవలెను. దీనికయ్యెడి ఖర్చును పీట ఖర్చులో కలిపి నన్ను నిందింపవలదు. దానికి నేను వేఱుగా చందా పుస్తకము తెచ్చెదను. మొదటి పేరు నాది.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము తీర్మానమునకు వచ్చును. ఇటువంటి ఇంజను గలవారు ఆ నాటికి ఒక పని చేయగోరుచున్నాను. ఇంజను కాళ్లను గుడ్డతో తుడిచి, పైన దళసరి కాగితము పఱచి, మెత్తని పెన్సిలుతో రుద్దినచో బెజ్జముల అంచులు కాగితముమీద తేలును. కాగితముపై ఇంజను కంపెనీ పేరును, హార్సుపవరును, పుల్లీ అడ్డుకొలతను వ్రాసి గుమాస్తాగారి కీయుడు. అవన్నియు ఒకదానిపై నొకటి పెట్టి చూచినచో, ఒకే అచ్చు ఎందఱకు సరిపోవునో ఆ దినముననే తెలియును.